తువ్వాలు కింద పట్టని బావి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ పెద్దలకి అమ్ముకునే అవసరం రాలేదో, అమ్ముకున్నవాళ్ళకి ఆ తర్వాత సామెతలు చెప్పే ఓపిక మిగల్లేదో తెలియదు. బందరు గొడుగుపేటలో శేషారత్నం తన ఇల్లు అమ్మకానికి పెట్టిన పదోరోజుకి ఈ సంగతి గ్రహించింది. గ్రహించి నవ్వుకుంది కూడా. ఆమెకి భయం పాలు తక్కువ.

అది 1933 వేసవి. శేషారత్నానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. చిన్నతనంలోనే భర్త పోతే, తండ్రి శేషాచలంగారు ఆమెని మూల కూర్చోబెట్టకుండా చదివించారు. ఆయన రిజిస్ట్రారు కచేరీ ముందు చాప వేసుకుని దస్తావేజులు రాసే లేఖరి. పక్క ఇళ్ళల్లో పిల్లలు శ్లోకాలు వల్లెవేస్తుంటే ఈ ఇంట్లో పిల్ల "నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్య" అంటూ అష్టభోగాలు వల్లెవేసేది. ఇల్లుగాని పొలంగాని అమ్మినప్పుడు కొన్నవాడికి దఖలుపడే ఎనిమిది హక్కులవి. భూమిలో దొరికే నిధి మొదలుకుని నీళ్ళూ, రాళ్ళూ, ముందుముందు రాబోయే లాభం దాకా అన్నీ వాటిలోకి వస్తాయి. ఆ ఎనిమిదీ లేని దస్తావేజు తాళి లేని పెళ్ళి లాంటిదని ఆయన అనేవారు.

ఆ పిల్లే పెద్దదై, ట్రైనింగయి, పదిహేనేళ్ళు బందరులో పాఠాలు చెప్పింది. ఇప్పుడు గుడివాడ ఆడపిల్లల బోర్డు స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. జూన్‌లో బడి తెరిచేనాటికి అక్కడ ఉండాలి. గుడివాడలో బడి దగ్గర్లోనే రెండు గదుల పెంకుటిల్లు చూసుకుంది. బందరు ఇల్లు అమ్మితేగాని అది కొనలేదు.

అమ్మడానికి ఆమెకి బెంగేమీ లేదు. గోడలు పట్టుకుని ఏడ్చే మనిషి కాదు. చిక్కల్లా పెరట్లో, పక్క సందుకి ఆనుకుని ఉన్న బావితోనే.

బందరులో బావి తవ్వడం తేలిక, మంచినీళ్ళు పడటం కష్టం. గజం లోతుకి వెళ్తే చాలు, సముద్రం పలకరిస్తుంది. ఆ వీధిలో నాలుగు బావులుంటే మూడు ఉప్పే. శేషాచలంగారి బావి ఒక్కటే, ఎవరి పుణ్యమో, కొబ్బరినీళ్ళలా పడింది. మునిసిపాలిటీవాళ్ళ కుళాయి వస్తుందని ప్రతి ఎలక్షనుకీ అనుకోవడమేగాని ఆ సందు మొగ కూడా తొక్కలేదు. వీధిలో ఇరవైరెండు ఇళ్ళు ఆ బావి నీళ్ళే తాగేవి.

మొదట్లో శేషారత్నం తల్లి భ్రమరాంబే చేదతో తోడి, సందులో నిలబడ్డ అద్దకంవాళ్ళ బిందెల్లో పైనుంచి పోసేది. ఒక ఎండాకాలం ఆవిడకి నడుం పట్టేసింది. "మీ చేతులకేమైంది, మీరే తోడుకోండి" అని మంచంమీంచే కేకేసింది. నడుం బాగయ్యాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మా ఆచారం మంటగలిసిందని నాలుగిళ్ళవాళ్ళు ఆ నీళ్ళు మానేశారు. రెండు నెలలు ఉప్పునీళ్ళతో పప్పు ఉడక్క, మూడో నెలలో బిందెలు పట్టుకుని చీకటితో వచ్చారు. భ్రమరాంబ వాళ్ళకీ చేద అందించింది. పోయేముందు కూతుర్ని పిలిచి ఒక్కటే చెప్పింది. "ఇంటికి తలుపులు పెట్టుకో, బావికి పెట్టకు."

శేషారత్నం సరేనంది. ఇప్పుడు ఇల్లు పరాయివాడి చేతిలోకి వెళ్తోంది. కొన్నవాడు సందు తలుపుకి ఒక్క తాళం వేశాడంటే ఇరవైరెండు ఇళ్ళ ఆడవాళ్ళు బిందె చంకనెత్తుకుని మైలు నడవాలి, తను చనిపోతున్న తల్లికిచ్చిన మాట గంగలో కలవాలి. కాబట్టి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇల్లు అమ్ముతుంది. బావి అమ్మదు.

మొదట వచ్చిన దళారీ కోటిలింగం. ఇతనికి నోరే పెట్టుబడి. పొద్దున్నే కాఫీ హోటల్లో మొదలుపెట్టి సాయంత్రానికి ఏ ఇల్లు ఎవరు ఎందుకు అమ్ముతున్నారో ఊరంతా చాటేవాడు. అతని లోపం అబద్ధం చెప్పలేకపోవడం. దళారీకి ఇంతకన్నా పెద్ద లోపం ఉండదు. కొనేవాణ్ణి గుమ్మంలోకి తెచ్చీ తేకముందే, "వెనకవైపు గోడ చెమ్మెక్కుద్దండీ, దూలం మాత్రం అసలైన టేకండీ, బావేమో వీధివాళ్ళదండీ" అని ఒక్క గుక్కలో అప్పజెప్పేసేవాడు. మూడోమాట దగ్గర కొనేవాడి ముఖం మాడిపోయేది. పెరట్లోకి ఇరవైరెండు కుటుంబాల రాకపోకలా అనేవాడొకడు. చెమ్మ గోడకి వందా బావికి రెండొందలూ తగ్గించమనేవాడు ఇంకొకడు. తొమ్మిదిమంది వచ్చి, తొమ్మిదిమందీ మజ్జిగ తాగి వెళ్ళారు. పదోవాణ్ణి తీసుకురావద్దని శేషారత్నం కోటిలింగానికి దణ్ణం పెట్టింది.

ఆ సమయంలో ఆమె మేనత్త కొడుకు అనంతపద్మనాభం రంగంలోకి దిగాడు. అతను కలెక్టరు కచేరీలో గుమాస్తా. మనిషి మంచివాడే. కాకపోతే రెండేళ్ళ క్రితం కొత్తగా వచ్చిన దొరగారు ఏ కళనున్నాడో వరసగా గుమాస్తాలందరితోనూ చెయ్యి కలిపాడు. అప్పట్నుంచి మన అనంతపద్మనాభం ఎవరు చెయ్యి చాపినా, ఆఖరికి చాకలి లెక్కకి చాపినా సరే, పట్టుకుని రెండుసార్లు ఊపి వదులుతున్నాడు. ఇంటిల్లిపాదీ చెప్పి చూశారు. ఆ జబ్బు కుదరలేదు.

"ఆడదానివి, దళారీలతో నీకెందుకు రత్నం? దైవాధీనాన్ని తీసుకొస్తాను. బందరులో అతణ్ణి మించిన దళారీ లేడు" అన్నాడు.

దైవాధీనం పేరు శేషారత్నం తండ్రి నోట విన్నదే. కోటిలింగం ఎంత వాగుడో ఇతనంత మౌనం. పూర్వం బట్టల బేరాల్లో, సంతలో పశువుల బేరాల్లో ఉన్న పద్ధతినే ఇతను ఇళ్ళకీ పట్టుకొచ్చాడు. తన చేతిమీదా బేరమాడేవాడి చేతిమీదా తువ్వాలు కప్పి, కింద వేళ్ళతో ధర మాట్లాడతాడు. ముందు ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేలు. తర్వాత ఎన్ని పట్టుకున్నా, చాపినా అన్ని వందలు. అరచెయ్యి మొత్తం అందుకుని ఊపితే ఖాయం. పక్కన కూర్చున్నవాడికి కూడా ఎంతకి తెగిందో తెలియదు. నోటితో ఒక్క ముక్క ఉండదు. నలభై ఏళ్ళల్లో అతని బేరం ఒక్కటీ బెడిసికొట్టలేదని ప్రతీతి. చేతిబేరం తప్పిన గుమ్మం బందరులో ఏ దళారీ మళ్ళీ తొక్కడు.

పరాయి ఆడమనిషి చెయ్యి తువ్వాలు కింద పట్టుకోవడం కుదరదు గనక శేషారత్నం తరఫున అనంతపద్మనాభం కూర్చోవాలని ఏర్పాటు. ఆమె అతనికి రెండే మాటలు చెప్పింది. మూడువేలకి తగ్గొద్దు. బావి అమ్మకంలో లేదని ముందే చెప్పు.

"రెండు మాటలేగా, నాకప్పగించు" అన్నాడు బావ.

కొనడానికి వచ్చినాయన పేరు పిచ్చేశ్వరరావు. బజార్లో పెద్ద వ్యాపారస్థుడు, మెత్తటి మనిషి. ఆయన ఇల్లు చూసిన తీరు శేషారత్నానికి కొంచెం చిత్రంగానే తోచింది. దూలాలకేసి తలెత్తలేదు. పడకగదిలోకి తొంగిచూడలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి మూడు చెంబుల నీళ్ళు తాగాడు. తాడుకి ముళ్ళు వేసి బావి లోతు కొలిచాడు. తర్వాత జేబులోంచి చిన్న సబ్బుముక్క తీసి, ఆ నీళ్ళతో చేతులు రుద్దుకుని, నురగ ఎలా వస్తోందో మురిపెంగా చూసుకున్నాడు. ఎంత శుభ్రమైన మనిషో అనుకుంది శేషారత్నం. పదిహేనేళ్ళు పిల్లకాయల దొంగతనాలు పట్టిన పంతులమ్మ ఆ సబ్బుముక్క దగ్గర మాత్రం దెబ్బతింది.

బేరం వీధరుగు మీద జరిగింది. ఆమె తలుపు చాటున నిలబడింది. దైవాధీనం తువ్వాలు కప్పాడు. దాని కింద ఏవో కదిలాయి. అనంతపద్మనాభం బావి సంగతి ఎత్తడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ దైవాధీనం ఎడమచేతి చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని కళ్ళతోనే వారించాడు. ఇంతలో తువ్వాలు పైకీ కిందకీ రెండుసార్లు ఊగింది. దైవాధీనం లేచి నమస్కారం పెట్టాడు. పిచ్చేశ్వరరావు తాంబూలంలో వంద రూపాయలు పెట్టి అనంతపద్మనాభం చేతికిచ్చాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

బావ పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చాడు. అతనికి ఇంకా ఏమీ అర్థం కాలేదు.

"ఎంతకి తెగింది బావా?"

"తెగడమేమిటి, ఇంకా మొదలే కాలేదు. ముందు దైవాధీనం నా రెండు వేళ్ళు పట్టుకున్నాడు. తర్వాత అయిదు వేళ్ళూ చాపాడు. పెద్దమనిషి చెయ్యి చాపాడు కదా అని మర్యాదకి నేనూ..."

మిగతాది అతను చెప్పక్కరలేకపోయింది. తమలపాకుల కింద మడతపెట్టిన చీటీ ఉంది. దైవాధీనం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంచాడు. "గొడుగుపేట శేషారత్నమ్మగారి ఇల్లు, రెండువేల అయిదువందలకు చేతిబేరమున ఖాయము. బయానా వంద."

శేషారత్నానికి ఒళ్ళు మండిపోయింది. బావని రెండు దులిపింది. అతను గోడకి ఆనుకుని నిలబడి, ఎన్నడూ లేనిది, తన కుడిచేతిని అనుమానంగా చూసుకున్నాడు. ఆ చూపుకి ఆమెకి నవ్వొచ్చి కోపం సగం దిగిపోయింది. బేరం తప్పుదామంటే తప్పొచ్చు. కానీ రేపట్నుంచి కచేరీలో గుమాస్తాలు ఇతణ్ణి చూసి తువ్వాళ్ళు ఊపుతారు. అదీగాక మాట తన తరఫు మనిషే ఇచ్చాడు. తనకి అయిదువందలు పోయినా గుడివాడ ఇల్లు ఎలాగో వస్తుంది. "పోనీలే బావా. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. బావి సంగతి దస్తావేజులో రాసుకుందాం" అంది.

రెండు రోజుల తర్వాత కోటిలింగం వచ్చాడు. రావద్దన్న సంగతి అతనికి గుర్తు లేదు. అరుగు మీద చతికిలబడి, చెమట తుడుచుకుని, "అయితే పిచ్చేశ్వరరావుగారు సోడాల కంపెనీకి ముహూర్తం ఎప్పుడు పెట్టారండీ?" అన్నాడు.

"ఏ కంపెనీ?"

"అదేనండీ, గోలీసోడాల కంపెనీ. ఊళ్ళో మంచినీళ్ళ బావి కోసం ఆర్నెల్లుగా వెతుకుతున్నారుగదండీ. ఇల్లు పడగొట్టి షెడ్డేస్తారంట. ఇంజను కూడా బెజవాడ నుంచి బయల్దేరిందంట. సందు తలుపు మూసేసి గోడ కడతారంట. దైవాధీనంగారికి అన్నీ తెలుసండీ. ఆయన చెప్పరుగదా."

పెరట్లో చేద చప్పుడు ఆగిపోయింది. అద్దకంవాళ్ళ చిట్టెమ్మ నిండు బిందె గట్టుమీద పెట్టి అక్కడే నిలబడిపోయింది. సబ్బుముక్క ఎందుకో శేషారత్నానికి అప్పుడు తెలిసింది. ఉప్పునీళ్ళకి నురగ రాదు.

చిట్టెమ్మ నెమ్మదిగా అంది. "మేవెక్కడికెళ్ళాలండి అమ్మగారూ?"

శేషారత్నానికి తల్లి కేక ఒక్కసారి చెవిలో వినబడినట్టయింది. మోసం జరిగిందని గోల పెట్టొచ్చు. గోల పెడితే దైవాధీనం తువ్వాలు దులుపుకుని ఊరుకుంటాడు, ఎందుకంటే అతను అబద్ధం ఆడలేదు. అసలు ఏమీ అనలేదు కదా. అక్కడే ఆమె ఆలోచన ఆగింది. అనలేదు. ఏమీ అనలేదు. ఆమె లోపలికెళ్ళి ఆ చీటీ తీసుకొచ్చి మళ్ళీ చదివింది. ఇల్లు అని ఉంది. ఇంకేమీ లేదు.

"ఎక్కడికీ వెళ్ళక్కరలేదు చిట్టెమ్మా. శుక్రవారం పొద్దున్న దస్తావేజు చదువుతాం. ఆ పూట వీధిలోవాళ్ళనందర్నీ ఒకేసారి నీళ్ళకి రమ్మను" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె తండ్రి పెట్టె తెరిచింది. ఆయన కలం, సిరాబుడ్డి తీసి, ఎత్తుపీట కిందికి దించింది. దస్తావేజు ముసాయిదా అమ్మేవాళ్ళ తరఫునే రాయించాలని ఆనవాయితీ. లేఖరి కూతురు ఇంకో లేఖరి దగ్గరికెళ్ళి డబ్బులు పోయడమేమిటని ఆమే రాసింది. కొట్టివేతలు లేకుండా మూడు పేజీలు రాసి, ఆరబెట్టి, మడిచి, హాయిగా భోంచేసి పడుకుంది.

శుక్రవారం పొద్దున్న అరుగు మీద చాపలు పరిచారు. పిచ్చేశ్వరరావు, దైవాధీనం, అనంతపద్మనాభం కూర్చున్నారు. బావ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాడు. కోటిలింగాన్ని ఎవరూ పిలవలేదుగాని వచ్చాడు. పక్క సందులో ఇరవైరెండు ఇళ్ళ ఆడవాళ్ళు బిందెలతో వరసకట్టి ఉన్నారు. ఇవాళ ఏదైనా పండగా అని అడిగాడు పిచ్చేశ్వరరావు. మా వీధిలో రోజూ ఇంతేనంది శేషారత్నం. ఈసారి ఆమె తలుపు చాటున నిలబడలేదు. గడప ఇవతల ఎత్తుపీట వేసుకుని కూర్చుని, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

సాలు, తిథి, పేర్లు, హద్దులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండువేల అయిదువందలూ సరిగ్గానే ఉన్నాయి. పిచ్చేశ్వరరావు తల ఊపుతున్నాడు. దైవాధీనం కళ్ళు మూసుకుని వింటున్నాడు. నలభై ఏళ్ళుగా వింటున్న పాఠం అది, నిద్రలో కూడా అప్పజెప్పగలడు. ఆమె అక్కడికొచ్చింది.

"నిధి, నిక్షేప, పాషాణ, అక్షిణి, ఆగామి..."

దైవాధీనం కళ్ళు తెరిచాడు. ఆమె ఆగకుండా చదువుకుపోతోంది. అతను పిచ్చేశ్వరరావు వైపు చూశాడు. ఆయనకి ఏమీ పట్టలేదు. దైవాధీనం గొంతు సవరించుకున్నాడు. ఆమె చదువుతూనే ఉంది. ఇక తప్పలేదు.

"అమ్మా," అన్నాడు దైవాధీనం. ఆ గొంతు వాడకం లేక బొంగురుపోయి ఉంది. "జలం పోయింది."

"పోలేదండీ. నేనే రాయలేదు. అందుకే ఇవి ఏడు భోగాలు."

"ఎనిమిదీ ఉండాలమ్మా. బేరం అయింది."

శేషారత్నం కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "అయింది. మా బావ చెయ్యి కలిపాడు, నేను కాదనను. మీ తువ్వాలు కింద రెండు వేళ్ళు వేలయ్యాయి, అయిదు వేళ్ళు వందలయ్యాయి. మరి జలం ఏ వేలండీ?"

దైవాధీనం చేతులు చాపమీద ఉన్నాయి. అందరూ ఆ చేతులకేసే చూశారు. అతను వాటిని మెల్లిగా తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

"మావాడు బావి గురించి చెప్పబోతే మీరే నోటిమీద వేలేసుకున్నారు. మాట లేని బేరంలో మాట లేని వస్తువు రాదుగా. మీ చీటీలో ఇల్లు అని ఉంది. ఇల్లు ఇస్తున్నాను. ఇదిగో, కింద ఇంకో వాక్యం కూడా ఉంది, వినండి. 'పెరటిలోని బావియు, సందు గుమ్మము నుండి బావి వరకు మూడు గజముల దారియు ఈ విక్రయములో చేరలేదు. అవి ఈ వీధివారు తాగుటకు ఎప్పటివలెనే ఉండవలెను.'"

పిచ్చేశ్వరరావు మెత్తదనం అప్పటితో సరి. తనకి ఇల్లెందుకని, నీళ్ళ కోసం కాకపోతే ఈ చెమ్మగోడలు ఎవడికి కావాలని పైకే అనేశాడు. సందులో బిందెలన్నీ ఆ మాట విన్నాయి. ఎవరూ కేకలెయ్యలేదు. చిట్టెమ్మ మాత్రం గోడ మీంచి ముఖం పెట్టి, "తాగండి బాబూ, మేవేవన్నా వొద్దన్నావా? బిందె తెచ్చుకోండి" అంది. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. కోటిలింగం పెట్టుకోలేదు.

బేరం తమకి అక్కర్లేదని ఆయన లేచాడు. చేతిబేరం కొనేవాడే తప్పితే బయానా మునిగినట్టే. ఆ లెక్కన వంద రూపాయలూ శేషారత్నానివి. ఆమె వాటిని అదే పళ్ళెంలో, కొత్త తమలపాకులతో తిరిగి ఇచ్చింది. దాహానికి డబ్బు తీసుకునే అలవాటు ఈ ఇంట్లో లేదంది. దైవాధీనం అందరికన్నా వెనక దిగాడు. అరుగు చివర ఆగి, వెనక్కి తిరిగి ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంలో వెటకారమేమీ కనబడలేదు. నాన్న బతికుంటే చూసేవారు కదా అని ఆమెకి బలంగా అనిపించింది.

ఆ ఆనందం వారం రోజులుంది. తర్వాత మే నెల చివరికొచ్చింది. గుడివాడ ఇంటివాళ్ళు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. అనంతపద్మనాభం పాపం కచేరీలో కనబడ్డవాడినల్లా ఇల్లు కొంటారా అని అడిగాడు, చెయ్యి మాత్రం కలపకుండా. శేషారత్నం ధైర్యం చెడలేదుగాని సామాను మూటలు కట్టడం ఆపేసింది.

అప్పుడు కోటిలింగం పదోవాణ్ణి తీసుకొచ్చాడు. అవనిగడ్డ నుంచి సీతారామయ్యగారని రైతు. పాతిక ఎకరాల మాగాణి, ముగ్గురు పిల్లలు. వాళ్ళని బందరులో పెట్టి చదివించాలి, వండిపెట్టడానికి చెల్లెలు వస్తుంది, దానికో ఇల్లు కావాలి. కోటిలింగం గుమ్మంలోనే ఒక్క గుక్కలో చెమ్మగోడా, టేకుదూలం, వీధివాళ్ళ బావీ అప్పజెప్పేశాడు. శేషారత్నం ఆయన ముఖం మాడటం కోసం ఎదురుచూసింది.

సీతారామయ్య మాడలేదు. "మా దివిసీమలో ఎండాకాలం మంచినీళ్ళంటే ఏంటో నాకు తెలుసండీ. బావికి నలుగురొచ్చే ఇంట్లో పిల్లల్ని వదిలి వెళ్ళడం నాకూ నిశ్చింతేనండీ. ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు చూస్తారు" అన్నాడు.

తర్వాత బేరం. అందరూ వినేలా, నోటితోనే. ఆయన రెండువేల ఆరొందలన్నాడు, ఆమె మూడన్నది, కోటిలింగం మధ్యలో పడి ఇద్దరి కష్టాలూ ఇద్దరికీ చెప్పేసి ఇరవై ఎనిమిది వందల దగ్గర ఒడ్డుకి చేర్చాడు. అతని జీవితంలో అతని నోరు అక్కరకొచ్చిన మొదటి బేరం అదే.

రిజిస్ట్రారు కచేరీ ముందు వేపచెట్టు కింద, ఒకప్పుడు శేషాచలంగారు చాప వేసుకున్న చోటే, దస్తావేజు మళ్ళీ చదివారు. ఇద్దరు సాక్షులు కావాలి. కోటిలింగం ఒకడు. రెండోవాడి కోసం చూస్తే దైవాధీనం తన మామూలు చోట, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని ఉన్నాడు. శేషారత్నమే వెళ్ళి అడిగింది. అతను లేచి వచ్చాడు. కాగితం తీసుకుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. ఏడు భోగాలూ దాటాడు. బావి వాక్యం దగ్గర ఆగాడు. వేలు పెట్టి మరోసారి చదివాడు.

"ఒక పేరు తగ్గిందమ్మా," అన్నాడు.

"ఎవరిది?"

"ఈ వీధివారు తాగుటకు అని రాశారు. రేపు రైలెక్కితే మీరు ఈ వీధివారు కారు."

శేషారత్నం కాగితం అందుకుంది. నిజమే. ఇరవైరెండు ఇళ్ళూ ఉన్నాయి అందులో. పుట్టబోయేవాళ్ళు కూడా ఉన్నారు. తను లేదు. రాసినప్పుడు ఆమెకి ఆ ఆలోచనే రాలేదు. ఇన్నాళ్ళూ గోడలు వదులుకోవడం ఏపాటిదనుకున్న మనిషికి, ఆ నీళ్ళ మీద కూడా తనకిక హక్కు లేదన్నది ఆ ఎండలో ఒక్కసారిగా తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్షరాలు అలుక్కుపోయాయి.

సీతారామయ్య గబగబా అన్నాడు. "రాయండమ్మా, రాయండి. దానికి నన్నడగాలా ఏంటండీ?"

ఆమె కళ్ళు తుడుచుకుని, కలం సిరాలో ముంచి, మార్జినులో చేర్చింది. "శేషారత్నమ్మగారు ఎప్పుడు వచ్చినను, ఎవరి అనుమతియు అక్కరలేకుండ." చేర్చినచోట పొట్టి సంతకం పెట్టింది. సీతారామయ్య పెట్టాడు. కోటిలింగం పెట్టాడు. చివర దైవాధీనం తన ముత్యాల్లాంటి అక్షరాలతో పెట్టాడు. ఎవరూ అడక్కుండానే ఆమె అతనికి చేతులెత్తి నమస్కారం చేసింది.

మర్నాడు పొద్దున్న గుడివాడ బండికి సామాను ముందే వెళ్ళిపోయింది. ఇంటి తాళంచెవి సీతారామయ్యగారి చెల్లెలి చేతిలో పెట్టాక, శేషారత్నం మరచెంబు తీసుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళింది. బావి దగ్గర చిట్టెమ్మ వంతు నడుస్తోంది. తప్పుకోబోయింది. వద్దని సైగ చేసి శేషారత్నం ఆమె వెనకే నిలబడింది. తన వంతు వచ్చాక చేద వేసి తోడుకుని, చెంబు నింపుకుని, మూత బిగించింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది భ్రమరాంబ బావి. శేషారత్నం ఎవర్నీ అడగలేదు.